మా పని వల్ల ఏం మారింది? నెల్లూరు, ప్రకాశం స్వచ్ఛంద సంస్థలు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి, ఆత్మకూరు, కనిగిరి, ఒంగోలు చుట్టుపక్కల ఐదారుగురు సిబ్బందితో, ఒక అద్దె గదిలో నడిచే సంస్థల కోసం రాసిన జవాబులివి. పెద్ద ఎన్జీవోల్లో ఫలితాలు కొలవడానికి ఒక విభాగమే ఉంటుంది. మీ దగ్గర అకౌంట్లు రాసే అమ్మాయే సర్వే ఫారాలు కూడా ఎక్కించాలి. ఆ సంగతి మనసులో పెట్టుకునే రాశాం.

ఏటా రిపోర్టు రాస్తూనే ఉన్నాం. ఇంకా కొత్తగా కొలవాల్సింది ఏముంది?

రిపోర్టులో మామూలుగా ఉండేది మీరు చేసిన పని. ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని కుట్టుమిషన్లు పంచారు. డబ్బు ఎటు పోయిందో తెలియాలి కాబట్టి అది రాయాల్సిందే. అయితే మిషన్ తీసుకున్న ఆమె ఆరు నెలల తర్వాత దానిమీద నాలుగు రూపాయలు సంపాదిస్తోందా, లేక దానిమీద దుప్పటి కప్పి మంచం పక్కకు నెట్టేసిందా అన్నది ఆ రిపోర్టు చూస్తే తెలియదు. ఫలితం అంటే ఆ రెండో సంగతి.

పాత రిపోర్టు ఒకటి తీసి, ప్రతి అంకె పక్కన “అయితే ఏంటి?” అని పెన్సిల్‌తో రాసి చూడండి. జవాబు దొరకని అంకెలే ఎక్కువగా ఉంటాయి.

మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లకు ఆర్వో ప్లాంటు పెట్టాం. రోజుకు ఎన్ని క్యాన్లు పోతున్నాయో లెక్క ఉంది. అది చాలదా?

చాలదు. ఎందుకు చాలదో కాస్త వివరంగా చూద్దాం. కనిగిరి, పామూరు, పొదిలి వైపు సంస్థలకు ఇది రోజువారీ వ్యవహారం. పైగా కొలవడంలో వచ్చే చిక్కులన్నీ ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తాయి.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి బోరు నీళ్లలో ఎంత ఉంది, ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో ఎంత ఉంది అన్నది మొదట తెలియాలి. ప్లాంటు ప్రారంభించిన రోజున చేసిన పరీక్ష కాగితం ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే సరిపోదు. లోపల నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) పాతబడితే నీళ్ల రుచిలో పెద్ద తేడా తెలియకుండానే ఫ్లోరైడ్ పెరుగుతుంది. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించండి.

తర్వాతి ప్రశ్న, క్యాన్లు ఎవరింటికి పోతున్నాయని. హోటళ్లు, పెళ్లిళ్లు, మేడలున్నవాళ్లు కొనుక్కుంటే అమ్మకం బాగానే కనిపిస్తుంది. ఊరి చివరి కాలనీలో వాళ్లు మాత్రం చేతిపంపు నీళ్లే తాగుతూ ఉండొచ్చు.

కొన్నవాళ్ల ఇంట్లోనైనా ఆ నీళ్లు తాగడానికి మాత్రమేనా, అన్నం, పప్పు వండటానికి కూడానా? ఫ్లోరైడ్ మరిగిస్తే పోయేది కాదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగేది మంచినీళ్లు, వండేది బోరు నీళ్లు అయితే సగం పనే జరిగినట్టు. పిల్లలు బడిలో ఏ నీళ్లు తాగుతున్నారో కూడా అడగండి. రోజులో వాళ్లు ఎక్కువసేపు గడిపేది అక్కడే.

ఇక ఆరోగ్యం. పళ్లమీద గారలు తగ్గాయా అని ఏడాదికే పదో తరగతి పిల్లల నోళ్లు తెరిపించి చూసే సంస్థలున్నాయి. శాశ్వత దంతాలు చిగుళ్లలో తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఒంట్లోకి పోయిన ఫ్లోరైడే ఆ మచ్చలకు కారణం. ఒకసారి పడ్డ మచ్చ మంచినీళ్లు తాగినంత మాత్రాన పోదు. వంగిపోయిన ఎముకలు కూడా అంతే. ప్లాంటు పెట్టేనాటికి చంకలో ఉన్న బిడ్డల పళ్లలోనే తేడా కనిపించాలి, అందుకు ఏళ్లు పడుతుంది. అంతదాకా ఆగలేకపోతే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఉంది. ఈమధ్య ఒంట్లోకి ఎంత పోతోందో అది చెబుతుంది. కాబట్టి మొదటి ఏడాది నీళ్ల వాడకం, తర్వాత మూత్ర పరీక్ష, చాలా కాలానికి పళ్లు. ఈ వరస తప్పితే పని బాగా జరిగినా “ఫలితం సున్నా” అని మీ చేత్తో మీరే రాసుకుంటారు.

మొత్తం ఎన్ని అంశాలు కొలవాలి?

మూడో నాలుగో. ఒక సంస్థకు ఏటా నలభై ప్రశ్నల ఫారం ఉందంటే, నాకు తెలిసినంతలో అందులో ముప్పై ప్రశ్నల జవాబులు ఎవరూ తిరిగి చూడరు. డోనర్ ఒకరు ఒక ప్రశ్న కలుపుతారు, ఇంకొకరు ఇంకొకటి. తీసేసేవాళ్లు మాత్రం ఉండరు.

ప్రతి అంశానికీ ఒక పరీక్ష పెట్టండి: ఈ అంకె పడిపోతే వచ్చే నెల మనం ఏం మారుస్తాం? జవాబు లేకపోతే ఆ ప్రశ్న తీసేయండి. సాయంత్రం ట్యూషన్ సెంటర్ నడుపుతుంటే, పిల్లలు రెండో తరగతి స్థాయి కథ చదవగలుగుతున్నారా, వారంలో ఎన్ని రోజులు వస్తున్నారు అనే రెండూ చాలు. పిల్లలు చదవలేకపోతే బోధన మార్చాలి, రాకపోతే ఇళ్లకు వెళ్లాలి. ఏ అంకె ఏ పని చేయమంటోందో ఇట్టే తెలుస్తుంది.

చదువు సంగతి కొలవడానికి మాకు నిపుణులు లేరు. ఎలా?

పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడిపిస్తున్న అసర్ సర్వే పద్ధతి చూడండి. ఒక్క కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఎక్కడ ఆగాడో రాసుకోవడమే. తెలుగులోనూ ఉంది. డిగ్రీ చదివే పిల్లలకు రెండు రోజులు నేర్పిస్తే చేయగలరు. మార్కుల కన్నా ఇది నయం. మార్కులు చూసి తల్లికి ఏమీ అర్థం కాదు, “మీవాడు పదాలు చదువుతున్నాడు, వాక్యం దగ్గర ఆగిపోతున్నాడు” అంటే అర్థమవుతుంది.

మొదట్లో బేస్‌లైన్ (పని మొదలుపెట్టకముందు పరిస్థితి లెక్క) తీయలేదు. ఇప్పుడేం చేయాలి?

మూడేళ్ల కిందట పరిస్థితి ఎలా ఉండేదని జనాన్ని అడిగి దాన్నే బేస్‌లైన్ అనకండి. “అప్పుడు చాలా కష్టంగా ఉండేది సార్, మీరొచ్చాక బాగుంది” అంటారు. మర్యాద కొద్దీ అనే మాట అది.

వేరేవాళ్లు వేరే అవసరానికి రాసుకున్న రికార్డులు వెతకండి. బడిలో హాజరు పట్టికలు, అంగన్‌వాడీలో పిల్లల బరువు నమోదు, గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల పాత నీటి పరీక్షలు, సంఘం బుక్‌కీపర్ రాసిన అప్పుల పద్దులు. మీ గురించి ఆలోచించకుండా రాసినవి కాబట్టి వాటిని కాస్త నమ్మొచ్చు. అవీ దొరక్కపోతే, మీరు వచ్చే ఏడాది అడుగుపెట్టబోయే ఊళ్లలో ఇప్పుడే సర్వే చేయండి. పాత ఊళ్ల సంగతి వదిలేయడమే నిజాయితీ.

మార్పు మా వల్లే వచ్చిందని ఎలా చెప్పగలం?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ఒక ఊళ్లో మహిళల ఆదాయం పెరిగింది. మీ శిక్షణ వల్లనా, ఆ ఏడాది రొయ్యల ధర బాగున్నందుకా, పొగాకు వేలం బాగా పలికినందుకా? మీరు లేని పక్క ఊళ్లో కూడా అంతే పెరిగి ఉంటే మీ వాటా ఏమీ లేనట్టే.

అందుకే పోలిక కావాలి. పేదరికాన్ని తగ్గించే పనులను ఇలా పోల్చి పరీక్షించే పద్ధతిని బలంగా ముందుకు తెచ్చినందుకు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది. ఏ ఊళ్లలో పని చేయాలో చీటీ తీసి నిర్ణయించి, చీటీ తగలని ఊళ్లతో పోల్చడమే దాని సారం.

చిన్న సంస్థ అంత పెద్ద అధ్యయనం తలకెత్తుకోవాలని నేను అనను. దానికి ఊళ్లు చాలా కావాలి, డబ్బూ చాలా కావాలి. మీకు వీలైనది ఒకటుంది. ఎలాగూ ఈ ఏడాది పది ఊళ్లకే వెళ్లగలరు, మిగతా పదికి వచ్చే ఏడాది. ఆ మొదటి పది ఏవో సర్పంచుల సిఫార్సుతో కాకుండా చీటీలు వేసి తేల్చండి. ఇరవై ఊళ్లలోనూ ఒకే సర్వే చేయండి. ఎవరికీ అన్యాయం జరగదు, పోలికా దొరుకుతుంది.

“చురుకైన ఊరు, మాకు సహకరిస్తుంది” అని ఎంచుకున్న ఊరిని, ఎంచుకోని ఊరితో పోల్చవద్దు. ఆ తేడా మీరు వెళ్లకముందే ఉంది.

సర్వే ఏ నెలలో చేయాలి?

రెండుసార్లూ ఒకే నెలలో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన జిల్లాల్లో సర్వేలు తప్పేది ఇక్కడే. పడమటి మెట్ట ఊళ్లలో మిర్చి కోతల కాలానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్లిపోతాయి. ఆగస్టులో బేస్‌లైన్ తీసి ఫిబ్రవరిలో మళ్లీ వెళితే ఇళ్లకు తాళాలుంటాయి, ముసలివాళ్లే దొరుకుతారు. ఉన్నవాళ్లను మాత్రమే అడిగి లెక్క వేస్తే ఊరు బాగుపడినట్టు కనిపిస్తుంది. ఏమీ లేనివాళ్లు లెక్కలోంచి జారిపోయారు కదా.

తీరం వైపు యానాదుల కాలనీల్లోనూ అంతే. రొయ్యల గుంటల కాపలాకు వెళ్లిన కుటుంబాలు నెలల తరబడి గుంట గట్టునే ఉంటాయి. కాలనీలో కనిపించలేదని “ఇల్లు ఖాళీ” అని రాసేసి రావద్దు. గుంట ఎక్కడో కనుక్కుని అక్కడికే వెళ్లాలి.

మేం వెళ్లి అడిగితే అందరూ బాగుందనే చెబుతున్నారు.

చెప్పరా మరి? బియ్యం ఇచ్చిన చెయ్యే పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. అడిగేవాళ్లను మార్చండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ విద్యార్థులో, వేరే మండలంలో పనిచేసే సంస్థ సిబ్బందో అడగాలి. మీ సిబ్బంది వాళ్ల ఊళ్లకు వెళ్లి వాళ్ల సర్వే చేసిపెడితే ఖర్చు కూడా ఉండదు.

ప్రశ్నలు కూడా అభిప్రాయం మీద కాకుండా జరిగిన పని మీద ఉండాలి. “శిక్షణ ఉపయోగపడిందా అమ్మా?” అంటే అవుననే అంటారు. “నిన్న ఏం వండారు? ఏ నీళ్లతో వండారు? బిందె చూపిస్తారా?” అంటే సంగతి బయటపడుతుంది.

ఎంతమందిని అడగాలి?

అందరినీ అడగక్కర్లేదు. మొత్తం లబ్ధిదారుల జాబితాలోంచి ఏ ఇష్టాయిష్టాలూ లేకుండా సుమారు 100 మందిని ఎంచి అడిగితే, వచ్చే శాతం చాలావరకు అసలు శాతానికి అటూ ఇటూ 10 శాతం పాయింట్లలోనే ఉంటుంది. 400 మందిని అడిగితే 5 పాయింట్లు. జాబితాలో ప్రతి పదో పేరు, ఇరవయ్యో పేరు తీసుకోవడం తేలిక. రోడ్డు పక్క ఇళ్లు, సంఘం లీడరు చూపించిన ఇళ్లు తీసుకుంటే మాత్రం వెయ్యిమందిని అడిగినా ఉపయోగం లేదు.

ధైర్యం, ఆత్మగౌరవం లాంటివి ఎలా కొలుస్తాం?

పూర్తిగా కొలవలేం. అయినా వాటి ఆనవాళ్లు పట్టుకోవచ్చు. గ్రామసభలో ఎవరు లేచి మాట్లాడారు, బ్యాంకుకు భర్త లేకుండా ఎవరు వెళ్లారు, చిన్నపిల్ల పెళ్లి ఆపమని ఎవరు పట్టుబట్టారు.

దీనికి మన జిల్లా చరిత్రే సాక్ష్యం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. ఎంతమంది చేరారు, ఎంతమంది చదవడం నేర్చారు అన్నదే అధికారుల లెక్క. రాత్రి బడుల్లో కూర్చుని తాగుడు గురించిన పాఠం చదువుకున్న ఆడవాళ్లు 1992లో సారా అంగళ్ల మీదికి వెళ్లారు. కలిగిరి మండలం దూబగుంట పేరు, అక్కడ ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. అక్షరాస్యత కార్యక్రమం లక్ష్యాల కాగితంలో “సారా అంగడి మూయించుట” అనే గడి ఎక్కడ ఉంటుంది?

కాబట్టి మీ ఫారం చివర ఒక ఖాళీ పెట్టండి: “మేం అనుకోనిది ఏమైనా జరిగిందా?” ఫీల్డు స్టాఫ్ నెలకోసారి దాన్ని నింపాలి, నెలవారీ మీటింగులో గట్టిగా చదవాలి. చెడు జరిగినా అందులోనే రాయాలి. అప్పు ఇప్పించిన సంఘంలో ఒకామె వాయిదా కట్టలేక పుట్టింటికి వెళ్లిపోయిందంటే అదీ మీ ఫలితమే.

కొలవడానికి ఎంత ఖర్చు పెట్టొచ్చు? సీఎస్సార్ కంపెనీలు ఏం అడుగుతాయి?

కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ ప్రకారం అర్హత ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్సార్) ఖర్చు పెట్టాలి. గత మూడేళ్లలో అలా ఖర్చు పెట్టాల్సిన మొత్తం సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ, కోటి రూపాయలు, ఆపైన ఖర్చుతో చేసిన ప్రాజెక్టులు పూర్తయి ఏడాది దాటాక, బయటి సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. అది కంపెనీ బాధ్యత. ఐదు లక్షల ప్రాజెక్టు ఇచ్చి అంత పెద్ద మదింపు రిపోర్టు అడిగితే, చట్టం అడగడం లేదని మర్యాదగా చెప్పొచ్చు.

ఖర్చుకు నిర్ణీత శాతం ఏదీ లేదు. సర్వే వల్ల ఏదైనా నిర్ణయం మారే అవకాశం ఉంటే పెట్టండి. ప్రాజెక్టు అయిపోయాక అందమైన బౌండు పుస్తకం కోసమైతే వద్దు. అడగాల్సిన డబ్బు ప్రతిపాదనలోనే వేరే పద్దుగా అడగండి. తర్వాత అడిగితే రాదు.

యాప్ కొనాలా?

వద్దు. ఎక్సెల్ షీటు, ఫోన్‌లో ఉచితంగా దొరికే ఫారం చాలు. ఒక్క జాగ్రత్త: పేర్లు, ఆధార్ నంబర్లు, ఆరోగ్య వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని అది చెబుతోంది. అవసరం లేని ఆధార్ నంబరు అసలు అడగకపోవడం మంచిది.

విస్తరణ అంటే ఇంకా నాలుగు మండలాల్లో ఆఫీసులు తెరవడమేనా?

అదొక దారి, అన్నిటికన్నా ఖరీదైన దారి కూడా. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు ఎలా పాకాయో గుర్తుచేసుకోండి. రోజుకు ఒక్క రూపాయి దాచుకోవడం, నెలకు ముప్పై. ఒక ఊళ్లో ఆడవాళ్లు చేస్తే పక్క ఊళ్లో చుట్టాలు చూసి మొదలుపెట్టారు. వివరించడానికి పుస్తకం అక్కర్లేదు, లెక్క నోటికి వస్తుంది, ఎగ్గొడితే పదిమందికీ తెలుస్తుంది. జిల్లా యంత్రాంగం వెనక నిలబడింది. ఆ తర్వాత డ్వాక్రా, వెలుగు, గ్రామ సమాఖ్యల రూపంలో ఈ పొదుపు సంఘాల పద్ధతే రాష్ట్రమంతా వేళ్లూనుకుంది.

మీ పని అలా పాకగలదా అన్నది చూసుకోండి. మీ కార్యక్రమంలో పదిహేను భాగాలుంటే, ఫలితం ఏ రెండు మూడింటి వల్ల వస్తోందో తేల్చి మిగతావి తీసేయగలరా? మీ సంస్థ వ్యవస్థాపకురాలు స్వయంగా వెళ్లి మాట్లాడితేనే జరిగే పని అయితే అది ఇంకో మండలానికి పోదు. ఆమె రెండు నెలలు ఆ ఊళ్లకు వెళ్లకుండా ఉండి చూడండి. అప్పుడూ ఫలితం నిలిస్తే విస్తరణ గురించి మాట్లాడుకోవచ్చు.

సంఖ్య పెరిగితే నాణ్యత పడిపోతుందని భయం.

భయపడాల్సిందే. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి 1990 వరకు ఇంటింటికీ వెళ్లి, విరేచనాలైన బిడ్డకు చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లంతో ద్రావణం చేయడం తల్లులకు నేర్పింది. సుమారు 1.2 కోట్ల ఇళ్లు. కార్యకర్తకు ఎన్ని ఇళ్లు తిరిగిందని కాకుండా, తర్వాత వేరేవాళ్లు కొందరు తల్లులను ఎంచి అడిగినప్పుడు వాళ్లకు ఎంత గుర్తుంది, ద్రావణం సరిగ్గా కలిపారా అనేదాన్ని బట్టి జీతం ఇచ్చేవారు.

ఇంకో సంగతి. తల్లులకు పద్ధతి బాగా గుర్తుంది కానీ బిడ్డకు జబ్బు చేసినప్పుడు వాడినవాళ్లు మొదట్లో చాలా తక్కువ. కారణాలు వెతికితే, నేర్పే కార్యకర్తల్లోనే కొందరికి ఆ ద్రావణం మీద నమ్మకం లేదని, ఇంట్లో మగవాళ్లకు ఎవరూ చెప్పలేదని తేలింది. ఆ రెండూ సరిచేసుకుని ముందుకు పోయారు. “నేర్చుకున్నారు” దగ్గరే లెక్క ఆపేసి ఉంటే ఇది బయటపడేదే కాదు.

ప్రభుత్వానికి అప్పగిస్తే జిల్లా అంతా జరుగుతుంది కదా?

జరగొచ్చు. మన దగ్గర పెద్ద విస్తరణలన్నీ చివరికి ప్రభుత్వం ద్వారానే జరిగాయి. కాకపోతే చేతులు మారినప్పుడు పనీ మారుతుంది. కెన్యాలో కాంట్రాక్టు టీచర్లను పెట్టే కార్యక్రమాన్ని ఒకే సమయంలో కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థ, కొన్నిచోట్ల ప్రభుత్వం నడిపాయి. సంస్థ నడిపినచోట పిల్లల మార్కులు పెరిగాయి, ప్రభుత్వం నడిపినచోట పెరగలేదు. జీతాలు ఆలస్యమయ్యాయి, పర్యవేక్షణ బలహీనంగా ఉంది.

అందువల్ల కలెక్టరుగారికి ఫైలు ఇచ్చేముందే, మీ సిబ్బంది ప్రమేయం లేకుండా అంగన్‌వాడీ కార్యకర్తో, సంఘం యానిమేటరో, సచివాలయ ఉద్యోగో తనకున్న సమయంలో ఈ పని చేయగలరా అని ఒక మండలంలో పరీక్షించండి. ఆమె చేతిలో ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లు, ఎన్ని యాప్‌లు ఉన్నాయో చూడండి. మీ పని ఇంకో రిజిస్టరు అయితే అది నిండుతుంది, జరగదు. అధికారి బదిలీ అయ్యాక కూడా నిలవాలంటే ఒక ఉత్తర్వు, ఒక బడ్జెట్ పద్దు ఉండాలి.

ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు ఎలా లెక్కవేయాలి?

మొత్తం ఖర్చును వచ్చినవాళ్ల సంఖ్యతో కాకుండా మార్పు వచ్చినవాళ్ల సంఖ్యతో భాగించండి. మాటవరసకు 6 లక్షలతో 200 మందికి కుట్టుపని నేర్పితే తలకు 3,000. అందులో 40 మందే ఇప్పుడు సంపాదిస్తున్నారనుకుంటే తలకు 15,000. పోలిక ఊరు ఉంటే, అక్కడ మీరు లేకుండానే సంపాదన మొదలుపెట్టినవాళ్ల వాటాను కూడా ఇందులోంచి తీసేయాలి. ఆఫీసు అద్దె, మీ జీతం, ఉచితంగా పనిచేసే వాలంటీర్ల శ్రమ కూడా ఖర్చులో కలపండి. పక్క మండలంలో ఆ వాలంటీర్లు దొరక్కపోవచ్చు.

విస్తరించే ముందు కాగితాల పని ఏమైనా ఉందా?

సీఎస్సార్ నిధులకు 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్సార్-1 నమోదు తప్పనిసరి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉండాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. విదేశీ విరాళాలైతే, వాటి చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బును వేరే సంస్థకు బదిలీ చేయడానికి లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. చిన్న సంస్థలను భాగస్వాములుగా చేసుకుని వాళ్లకు నిధులిస్తూ పెరుగుదామనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. శిక్షణ, సామగ్రి మీరే నేరుగా అందించే పద్ధతి వీలవుతుందేమో మీ ఆడిటర్‌ని అడగండి.

ఫలితం రాలేదని తేలితే డోనర్‌కు చెప్పాలా?

చెప్పాలి, ఏడాది చివర్లో కాకుండా తెలిసిన నెలలోనే. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకని అనుకుంటున్నాం, మిగిలిన డబ్బుతో ఏం మారుస్తాం అని ఒక పేజీలో రాయండి. కొందరు నిధులు ఆపేస్తారు, ఆ టెన్షన్ నిజమే. అందుకే ఒప్పందం రాసుకునేటప్పుడే ఆర్నెల్లకు ఒకసారి ప్రణాళిక సవరించుకునే అవకాశం ఉండాలని ఒక వాక్యం చేర్పించండి. ఆ వాక్యం పెట్టడానికి ఒప్పుకోని డోనర్ దగ్గర, కొత్తగా పరీక్షించే పని కాకుండా మీకు బాగా తెలిసిన పనికే డబ్బు తీసుకోండి.